నెత్తుటిలో ఒక్క అక్షరము

పుట్టు గ్రుడ్డివాడొకడు త్రోవలో కనబడినప్పుడు శిష్యులకు జాలి కలుగుటకు ముందు ఒక లెక్క తోచినది. వీనికి ఈ గతి పట్టుటకు తప్పు ఎవరిది, వీనిదా, కన్నవారిదా అని వారు ప్రభువును అడిగిరి. యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయములోని ఈ సంగతి మనలో చాలమందికి తెలిసినదే. అయితే ఆ ప్రశ్న యెరూషలేము వీధిలోనే ఆగిపోలేదు. ఉట్నూరు, తిర్యాణి, ఆసిఫాబాదు ప్రాంతముల గూడెములలో దానిని నేటికిని అడుగుచున్నారు. అక్కడినుండి కూలికై, చదువుకై దిగివచ్చి మంచిర్యాలలోను కరీంనగరులోను కాపురమున్న ఇండ్లలో కూడ అడుగుచున్నారు. వారు అడుగునది కన్నులను గూర్చి కాదు, నెత్తురును గూర్చి.

ఆ రోగమును మీలో కొందరు ఎరుగుదురు. బిడ్డ పుట్టినప్పుడు అందరు బిడ్డలవలెనే ఉండును. అయిదారు నెలలు గడచిన తరువాత చేతివ్రేళ్ళు, పాదములు వాచి, ముట్టుకొంటే కెవ్వుమని ఏడ్చును. కొంచెము పెరిగిన తరువాత ఎముకలలో, నడుములో, కడుపులో నొప్పులు వచ్చును. ఆ నొప్పి ఎట్టిదో చూచినవారికి తెలియును. పెద్దమగవారు సైతము మంచమునకు తల కొట్టుకొందురు. కన్నులు పచ్చబారును, ఒంట్లో రక్తము నిలువదు, మాటిమాటికి జ్వరము తగులును. నాలుగు దినములకు నొప్పి తగ్గి పిల్లవాడు ఆడుకొనును. వానలో తడిసినను, ఎండలో నీళ్ళు త్రాగక తిరిగినను మరల వచ్చును. డాక్టర్లు దీనిని సికిల్ సెల్ రక్తహీనత అందురు. సికిల్ అనగా కొడవలి. మన ఇండ్ల చూరులో చెక్కియుండు కొడవలియే.

ఈ పేరు ఎట్లు వచ్చినదనగా, 1910లో అమెరికాలోని చికాగో నగరములో జేమ్స్ హెర్రిక్ అను వైద్యుడు ఒక యువకుని రక్తమును సూక్ష్మదర్శినిలో చూచినప్పుడు గుండ్రముగా ఉండవలసిన ఎర్రకణములు కొన్ని వంకరతిరిగి కొడవళ్ళవలె ఉండెనని వ్రాసెను. ఆ యువకుడు గ్రెనడా ద్వీపమునుండి చదువుకొనుటకు వచ్చినవాడు. మన దేశములో ఈ లక్షణమును 1952లో నీలగిరి కొండల గిరిజనులలో కనుగొనిరి. తరువాత మధ్య భారతమంతట, ప్రాణహిత ఆవలి ఒడ్డున చంద్రపూరు, గడ్చిరోలి జిల్లాలలో, ఈవలి ఒడ్డున మన గోండులలో, కోలాములలో, ప్రధానులలో కనబడినది. గిరిజనులకు మాత్రమే వచ్చునను మాట సరికాదు. మైదానపు కులములలోను ఉన్నది.

కణము ఎందుకు వంగుచున్నది? దీనికి జవాబు తెలియవలెనంటే కంటికి కనబడని ఒక వ్రాతను గూర్చి కొంత చెప్పవలెను. చదువరులు ఓపికపట్టవలెనని వేడుకొనుచున్నాను. ఇది కష్టమైన శాస్త్రమే గాని, సంతకము చేయగలవానికి అర్థము కాని సంగతి ఇందులో ఏమియు లేదు.

నల్లరేగడిలో ప్రత్తి గింజ నాటితే ప్రత్తియే మొలచును గాని జొన్న మొలవదు. బర్రెకు దూడయే పుట్టును. ప్రతి జీవి తన తన జాతి ప్రకారముగా అని ఆదికాండములో మనము చదువుకొన్నదియే. ఏ మొక్క ఏది కావలెనో ఆ గింజకు ఎవరు చెప్పుచున్నారు? గింజలోపలనే ఆ ఆజ్ఞ వ్రాయబడియున్నది. డి.ఎన్.ఏ. అను సన్నని పేటదారము మీద నాలుగే అక్షరములతో ఆ వ్రాత ఉన్నది. ఎ, టి, జి, సి అని శాస్త్రజ్ఞులు వాటికి పేర్లు పెట్టిరి. మన తెలుగునకు యాబది ఆరు అక్షరములు కావలసివచ్చినవి. దేవుని చేతివ్రాతకు నాలుగు చాలినవి. ప్రత్తికిని, జొన్నకును, ఎద్దుకును, దోమకును, పాస్టరుకును అక్షరమాల ఒక్కటే. ఆ పేటదారము ఏ ఆకారములో ఉన్నదో 1953లో వాట్సను, క్రిక్ అనువారు కేంబ్రిడ్జిలో తేల్చిరి. మూడేసి అక్షరములు ఒక మాటగా చదువుకొనవలెనని, ఏ మాటకు ఏ అర్థమో తెలియజేసిన వారిలో పంజాబులో పుట్టిన హరగోవింద ఖొరానా ఒకడు. 1968లో అతనికి నోబెలు బహుమానము వచ్చినది.

ఒక్కొక్క మాటకు ఒక్కొక్క పూస. ఆ పూసలకు అమైనో ఆమ్లములని పేరు. వ్రాతలో ఉన్న వరుసలో పూసలు గ్రుచ్చుకొనుచుపోతే ఒక దండ తయారగును. ఆ దండ తనంతట తానే ముడుచుకొని ఒక ఆకారము పొందును. అదే మాంసకృత్తు. మన కండ, గోరు, వెండ్రుక, పాలలోని విరుగుడు, అన్నము అరుగుటకు కావలసిన రసములు, ఇవన్నియు ఇట్టి దండలపనియే. నెత్తుటికి ఎర్రదనము ఇచ్చు హీమోగ్లోబిను కూడ నాలుగు దండలు కలిసి ముడుచుకొన్న మాంసకృత్తు. రెండు దండలలో 141 పూసలు, మిగిలిన రెంటిలో 146 పూసలు. నాలుగు దండలలోను ఇనుప అణువొకటి చొప్పున ఇమిడియున్నది. ఊపిరితిత్తులలో ప్రాణవాయువును పట్టుకొని వెళ్ళి, కాలి బొటనవ్రేలు దాక పంచి, ఖాళీగా తిరిగి వచ్చుట దాని పని. మోతకూలియే. ఒక్క ఎర్రకణములో ఇట్టి కూలీలు సుమారు 27 కోట్లమంది ఉందురు. ఆ కణము నాలుగు నెలలు బ్రతికి చచ్చిపోవును గనుక మన ఎముకల మూలుగలో సెకనుకు సుమారు 20 లక్షల కొత్త కణములు పుట్టుచుండును. మీరు ఈ వాక్యము చదివిన సేపటిలో కోటి దాటును.

ఇప్పుడు ఆ రోగము సంగతి. 146 పూసల దండలో ఆరవ పూస గ్లుటామిక్ ఆమ్లము కావలెను. వ్రాతలో దానికి మాట జి-ఎ-జి. ఈ బిడ్డలలో అది జి-టి-జి అని ఉన్నది. నడిమి అక్షరము ఒక్కటి మారినది. మనుష్యుని వ్రాత మొత్తము ఒక వరుసకు సుమారు 300 కోట్ల అక్షరములు. అందులో ఒకటి. మన తెలుగులో పంట అను మాటలో మొదటి అక్షరము మారితే మంట అగును. ఇదియు అట్టిదే. గ్లుటామిక్ ఆమ్లమునకు బదులు వాలీను అను పూస వచ్చి కూర్చున్నది. గ్లుటామిక్ ఆమ్లము నీటితో స్నేహముగా ఉండునది. వాలీనుకు నీరు గిట్టదు. నీళ్ళలో నూనె బొట్టు మరియొక నూనె బొట్టును వెదకుకొనునట్లు, ప్రాణవాయువును దించివేసిన ఖాళీ హీమోగ్లోబిను తన వాలీనుతో పక్కవాని గుంటలో అతుక్కొనును, వాడు ఆ పక్కవానికి అతుక్కొనును. ఇట్లు లక్షలకొలది అతుక్కొని పొడవైన కమ్ములు అగును. ఆ కమ్ములు లోపలినుండి పొడుచుటచేత కణము కొడవలివలె వంగిపోవును. సన్ననాళములలో మెత్తగా ముడుచుకొని దూరవలసిన కణము బిరుసెక్కి అడ్డుపడును. వెనుక వచ్చునవి దాని మీద పేరుకొనును. అంతదూరము రక్తము అందక ఎముక అల్లాడును. అదే ఆ నొప్పి. నాలుగు నెలలు బ్రతుకవలసిన కణము పది ఇరువది దినములకే పగిలిపోవును. అదే ఆ రక్తహీనత.

దీనిని 1949లో లైనస్ పాలింగ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడును అతని తోటివారును హీమోగ్లోబినులోనే ఉన్న లోపమని కనుగొని, అణువు యొక్క రోగము అని పేరు పెట్టిరి. ఒక రోగము క్రిమివలన కాక, విషమువలన కాక, ఒక అణువు ఆకారమువలన కలుగునని లోకము మొదట తెలిసికొన్నది ఈ రోగముతోనే. మారినది ఒక్క పూస మాత్రమేనని కొద్ది యేండ్లకు కేంబ్రిడ్జిలో వెర్నను ఇంగ్రాము చూపించెను.

అయిదారు నెలలవరకు బిడ్డకు ఏమియు కాదని పైన వ్రాసితిని. తల్లిగర్భములో ఉన్నప్పుడు బిడ్డకు వేరొక రకము హీమోగ్లోబిను ఉండును. దాని వ్రాత వేరు, అందులో ఈ తప్పు లేదు. పుట్టిన తరువాత అది మెల్లగా తగ్గి పెద్దవారి హీమోగ్లోబిను వచ్చును. గర్భములో రహస్యముగా నేయబడితినని కీర్తనకారుడు 139వ కీర్తనలో ఆశ్చర్యపడినాడు. ఆ రహస్యములో ఇట్టి కాపుదల కూడ ఉన్నదని అతనికి తెలిసియుండదు.

ఇక్కడ ఒక ఇంటి సంగతి చెప్పవలెను. ఊరు, పేరు వ్రాయను. పన్నెండేండ్ల పిల్లవాడు నొప్పులతో పడియుండగా ప్రార్థనకు పిలిచిరి. ప్రార్థన అయిన తరువాత వాని నాయనమ్మ వాకిటిలోనికి వచ్చి మెల్లగా నాతో, "ఏం పాపం జేసినమో అయ్యగారూ, పోరనికి గిట్లయింది. మా ఇంట్ల ఇసొంటిది ఎన్నడు లేదు. గీ కోడలు వచ్చినంకనే వచ్చింది" అన్నది. కోడలు పొయ్యి దగ్గర ఉన్నది. వినుచునే ఉన్నది. నేను, "అమ్మా, కోడలు ఒక్కతే తెస్తే ఈ రోగము రాదు. ఆమె ఇచ్చినంతే నీ కొడుకును ఇచ్చినాడు. నీ కొడుకుకు నీవో మీ పెనిమిటో ఇచ్చినారు" అంటిని. ముసలామె చాలసేపు ఊరకుండి, "మేమిద్దరం మంచిగనే ఉన్నం గద అయ్యగారూ" అన్నది. ఆ ప్రశ్న చాల మంచి ప్రశ్న. దానికి జవాబు చెప్పకుండ పాపమును గూర్చి ప్రసంగించుట అన్యాయము.

జవాబు ఇది. ప్రతివానికి ఈ వ్రాత రెండు ప్రతులుగా ఉండును. ఒకటి తల్లినుండి, ఒకటి తండ్రినుండి. ఒక ప్రతిలోనే అక్షరము మారియుంటే రెండవ ప్రతి మంచి హీమోగ్లోబినును చేయును గనుక వాడు సాధారణముగా ఆరోగ్యముగా ఉండి దున్నును, మోయును, ముసలివాడగును. తనలో ఆ అక్షరమున్నట్లు వానికి తెలియనే తెలియదు. అట్టివారు ఇద్దరు పెండ్లాడితే కలుగు ప్రతి బిడ్డకును నాలుగింట ఒక వంతు రోగము వచ్చుటకు, రెండు వంతులు తల్లిదండ్రులవలె ఉండుటకు, ఒక వంతు ఏమియు లేకుండుటకు అవకాశము. నలుగురిలో ఒకనికి వచ్చినది గనుక మిగిలిన ముగ్గురికి భయము లేదని కొందరు అనుకొందురు. అది పొరపాటు. గవ్వలు వేసినప్పుడు మొదటి పందెము రెండవ పందెమును ఎరుగదు. ప్రతి కాన్పు కొత్త పందెమే. అయితే తల్లి ఒక్కతెవలన, తండ్రి ఒక్కనివలన ఈ రోగము వచ్చుట లేదు. కోడలిని నిందించు నాలుకకు ఆ అణువే ఎదురు సాక్ష్యము చెప్పుచున్నది. లోకములోని కోర్టులలో ఇంత నిష్పక్షపాతమైన సాక్షిని నేను చూడలేదు.

తండ్రుల దోషము మూడు నాలుగు తరములవరకు అని నిర్గమకాండములో ఉన్నది కదా అని కొందరు సహోదరులు అడుగుదురు. ఉన్నది. కాని అది దేవుని ద్వేషించినవారిని గూర్చి చెప్పబడినది, హీమోగ్లోబినును గూర్చి కాదు. ఈ అక్షరము మూడు నాలుగు తరములనాటిది కాదు, వేల సంవత్సరములనాటిది. ఎవడో తాత చేసిన తప్పునకు ఇది జీతమని చెప్పుటకు ఆ తాత ఎవడో మనకెవరికి తెలియదు. తండ్రులు తిన్న పుల్లని ద్రాక్షలకు పిల్లల పళ్ళు పులిసిపోవుచున్నవని యూదులలో ఒక సామెత ఉండెడిది. ఆ సామెతను ఇక పలుకవద్దని యెహెజ్కేలు ప్రవక్త పదునెనిమిదవ అధ్యాయములో గద్దించెను. మన ప్రజలలో ఆ సామెత వేరు మాటలలో ఇంకను పలుకుచున్నారు. దానిని ప్రసంగపీఠము మీదనుండి పలుకువారు కూడ ఉన్నారు. అది మరి విచారకరము.

ఆ అక్షరము వేల సంవత్సరములు ఎందుకు నిలిచినది? ప్రాణము తీయు తప్పు అయితే అది ఎప్పుడో అంతరించిపోవలెను గదా. ఈ ప్రశ్నకు జవాబు వెదకుచు పోతే మన సికింద్రాబాదుకు వచ్చెదము. 1897 ఆగస్టు 20వ తేదీన బేగంపేటలో రొనాల్డు రాస్ అను సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని చూచెను. ఆ చలిజ్వరము దోమవలన వచ్చునని లోకము తెలిసికొన్నది మన తెలంగాణ నేల మీదనే. ఆ క్రిమి మనిషిలోనికి వచ్చిన తరువాత ఎర్రకణములో దూరి హీమోగ్లోబినును తిని పెరుగును. 1954లో ఆంథనీ ఆలిసన్ అను వైద్యుడు తూర్పు ఆఫ్రికాలో పరిశోధన చేసి, మారిన అక్షరము ఒక ప్రతిలో మాత్రమే ఉన్న బిడ్డలు మలేరియాచేత చచ్చుట తక్కువ అని చూపించెను. క్రిమి దూరిన కణము వారిలో వంగిపోవును, దానిని ప్లీహము ఏరివేయును. క్రిమి నిలువలేదు. అందుచేతనే మలేరియా ఉన్న అడవులలో ఈ అక్షరమున్నవారు బ్రతికి పిల్లలను కని వారికి దానిని ఇచ్చిరి. ఆఫ్రికాలోను, అరేబియాలోను, మన దేశములోను ఈ అక్షరము నిలిచినచోట్లు చూస్తే పాత మలేరియా సీమలే. ఆదిలాబాదు అడవి చలిజ్వరమునకు ఎంత పేరుబడినదో పెద్దలు ఎరుగుదురు.

అనగా ఆ ముసలామె ఇంటిలో శాపమనుకొన్నది, ఆమె పూర్వికులను అడవిలో బ్రతికించిన డాలు. ఆ అడవిలో మలేరియా మందు లేని కాలములో ఆ డాలు లేకుంటే ఆమె ఉండకపోయెడిది, ఆమె కొడుకు ఉండకపోయెడివాడు.

ఇంతవరకు వచ్చిన తరువాత బోధకుడు జాగ్రత్తగా ఉండవలెను. ఒకరి బాధవలన అనేకులకు రక్షణ కలిగినది, ఇది సిలువకు ఎంత చక్కని దృష్టాంతము అని ఎవరికైనను తోచును. నేను ఆ దృష్టాంతము ఉపయోగించను. సిలువ మీదికి వెళ్ళినవాడు తన ఇష్టముచొప్పున వెళ్ళెను. మంచము మీద అరచుచున్న ఈ పిల్లవానిని ఎవరును అడుగలేదు. రెండు డాళ్ళు ఒకని మీద పడి వానిని నలుగగొట్టినవి, అంతే. వాని నొప్పిని మన ప్రసంగమునకు అలంకారము చేసికొనుటకు మనకు హక్కు లేదు.

మరియొక సులభమైన త్రోవ కూడ ఉన్నది. హీమోగ్లోబిను ఎంత అద్భుతము, ఇది సృష్టికర్త జ్ఞానమునకు ఋజువు అని చెప్పి ఆపివేయుట. అద్భుతమనుటలో నాకు సందేహము లేదు. కాని అద్భుతమును చూపించి వంగిన కణమును దాచిపెట్టువాడు సగము పుస్తకము చదివి మూసినవాడు. రెండును ఒకే వ్రాతలో ఉన్నవి. ఎందుకు ఇట్లు వ్రాయబడినదని నన్ను అడిగితే, ఎట్లు వంగుచున్నదో చెప్పగలను గాని ఆ పిల్లవానికే ఎందుకు వచ్చినదో చెప్పలేను. పాలింగ్ కూడ చెప్పలేదు. యోబు స్నేహితులు చెప్పగలమనుకొనిరి, దేవుడు వారి మీద కోపగించెను. యోహాను తొమ్మిదిలో ప్రభువు కూడ శిష్యుల లెక్కను త్రోసివేసి, వీడును కాదు, వీని కన్నవారును కాదని చెప్పి, దేవుని క్రియలను గూర్చి ఒక మాట పలికి, వెంటనే నేల మీద ఉమ్మివేసి బురద కలిపెను. తప్పు ఎవరిదను లెక్క తేలకుండనే చేతికి మన్ను అంటించుకొనెను. ఆ క్రమము నాకు ముఖ్యముగా కనబడుచున్నది.

మన పెద్దలు దీనిని ఒకసారి చూచియున్నారు. కుష్ఠు రోగమును దేవుని శాపమని, ముట్టరానిదని ఊరి వెలుపలికి వెళ్ళగొట్టిన దినములు మన ప్రాంతములో మరీ దూరము కావు. 1873లోనే నార్వే దేశములో హాన్సెను అను వైద్యుడు అది క్రిమివలన వచ్చునని కనుగొనెను. ఆ కబురు మన పల్లెలకు చేరుటకు నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో డాక్టరు ఇసబెల్ కెర్ అమ్మగారు కుష్ఠువారి ఆసుపత్రి కట్టవలసివచ్చినది. రోగమునకు కారణము క్రిమి అని తెలిసిన దినమున రోగి పాపి కాకుండ పోయినాడు. అతని గాయములు ఆ దినమున మానలేదు, కాని అతని మీదనుండి ఒక రాయి తీయబడెను.

సికిల్ రోగులకు ఆసుపత్రిలో ఇచ్చు మందులలో పసుపుపచ్చని చిన్న బిళ్ళ ఒకటి ఉండును. ఫోలిక్ ఆమ్లము. గర్భిణీ స్త్రీలకు ఇనుము బిళ్ళతో కలిపి ఇచ్చునదియే. కణములు పది ఇరువది దినములకే పగిలిపోవుచుండుటచేత మూలుగ రాత్రింబగళ్ళు కొత్తవి చేయవలెను. కొత్త కణమునకు వ్రాతను తిరగవ్రాయుటకు ఫోలిక్ ఆమ్లము కావలెను. అందుకు ఆ బిళ్ళ. దీనిని 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన బృందమునకు పెద్ద మన తెలుగువాడు, 1895లో భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. స్ప్రూ అను విరేచనముల రోగముతో ఇద్దరు సోదరులను పోగొట్టుకొన్నవాడు. ఆ రోగమునకు కూడ తరువాత ఈ ఫోలిక్ ఆమ్లమే మందైనది. అంతకు ముందు 1929లో ఫిస్కె అను ఆచార్యునితో కలిసి, కండలో శక్తిని మోయు ఏ.టి.పి. అను అణువును వెలికితీసెను. నాగలి పట్టినవాని చేతిలోను, ఆ నాగలి లాగు ఎద్దు మెడలోను పనిచేయుచున్నది ఆ అణువే. అతడు 1948లో న్యూయార్కులో నిద్రలోనే మరణించెను. అతని పేరు ఎరుగకుండ ఆ బిళ్ళ మింగుచున్నవారు మన జిల్లాలలో ఎందరో.

మరియొక మందు హైడ్రాక్సీ యూరియా. గర్భములోనున్నప్పటి మంచి హీమోగ్లోబినును అది కొంతవరకు మరల మేల్కొలుపును, నొప్పులు తగ్గును. మన దేశపు రోగులలో అనేకులకు ఆ పాత హీమోగ్లోబిను సహజముగానే కొంత ఎక్కువగా నిలిచియుండుట కూడ ఒక మేలు. ఇది డాక్టరు చూచి ఇవ్వవలసిన మందు, నెలనెలా రక్తము చూపించుకొనుచుండవలెను. నీళ్ళు ఎక్కువ త్రాగుట, చలిలో కప్పుకొనుట, జ్వరము వచ్చిన దినమే ఆసుపత్రికి పోవుట, న్యుమోనియా రాకుండ టీకాలు వేయించుట, ఇవి ఇంటివారు చేయదగినవి. జ్వరమును ప్రార్థనతో ఆపుదమని రెండు దినములు చూచుట ఈ బిడ్డల విషయములో ప్రాణాపాయము. ప్రార్థన బండిలో కూడ చేయవచ్చును.

2023 డిసెంబరులో అమెరికా ప్రభుత్వము మరియొక వైద్యమునకు అనుమతి ఇచ్చెను. రోగి మూలుగ కణములను బయటికి తీసి, వాటి వ్రాతలో ఒకచోట కత్తిరించి, పాత హీమోగ్లోబిను ఆగిపోకుండ చేసి మరల ఎక్కించుట. వెల 22 లక్షల డాలర్లు. మన ఊళ్ళన్నిటి పంట అమ్మినను చాలదు. మనుష్యుడు దేవుని వ్రాతను దిద్దవచ్చునా అని కొందరు నన్ను అడిగిరి. బురద పెట్టి కన్ను తెరచిన ప్రభువు శిష్యులకు ఈ ప్రశ్న ఎందుకు రావలెనో నాకు తెలియదు. నాకు వచ్చు ప్రశ్న వేరు. ఈ అక్షరము ఎక్కువగా ఉన్నది బీదల నెత్తుటిలో, దానిని దిద్దు చెయ్యి ఉన్నది ధనవంతుల ఊరిలో. ధనవంతుడును లాజరును ఇక్కడ కూడ ఉన్నారు.

ఇక పెండ్లి సంగతి. నేను ఈ వ్యాసము వ్రాయుటకు ముఖ్య కారణము ఇదే. మనవారిలో మేనరికము ఉన్నది. గోండులలోను మేనత్త, మేనమామ పిల్లల సంబంధములు ఉన్నవి. దగ్గరి నెత్తుటిలో దాగిన అక్షరము రెండు వైపులనుండి కలిసివచ్చుట ఎక్కువ. పెండ్లికి ముందు రక్తపరీక్ష చేయించుడని చెప్పితే, అది విశ్వాసము లేకపోవుట కాదా, దేవుడు జతపరచువారిని సూదితో పరీక్షింతుమా అని ఒక పెద్ద అన్నాడు. నేను అట్లు తలంచుట లేదు. నేల చూడకుండ విత్తనము వేయువానిని విశ్వాసి అనము. తెలిసికొనుట ప్రేమలో ఒక భాగము. పుట్టబోవు బిడ్డ తనంతట తాను అడుగలేడు గనుక వాని పక్షముగా మనము అడుగవలెను.

అయితే తెలిసికొన్న దానితో ఏమి చేయుదుము? ఇక్కడనే మనము ఎక్కువ భయపడవలెను. ఒక ప్రతి మాత్రమే ఉన్న పిల్ల ఆరోగ్యవంతురాలు. ఆ అక్షరము లేని వానిని పెండ్లాడితే ఆమె బిడ్డలలో ఒక్కనికి కూడ ఈ రోగము రాదు. కాని ఈ మాట ఊరిలో పడితే ఆమెకు రోగపు పిల్ల అని పేరు పెట్టి సంబంధములు త్రిప్పివేయుదురు. కుష్ఠువారి మీదనుండి తీసిన రాయిని తెచ్చి ఈమె మీద పెట్టుదురు. అందుచేత పరీక్ష పెండ్లిమాటలకు ముందే కావలెను. మూడు ఆదివారములు గుడిలో ప్రకటన చదువుట ఆరంభమైన తరువాత సంబంధము తప్పితే ఎందుకు తప్పినదని పదిమంది అడుగుదురు, ఆ నింద ఎప్పుడును పిల్లమీదనే పడును. పిల్లవాని ఫలితము కూడ పిల్ల ఫలితముతోపాటు చూడవలెను. ఒక్కరినే పరీక్షించుట అన్యాయము మాత్రమే కాదు, దానివలన తెలియునది సగమే. కాగితము ఆ యువతీయువకుల చేతికి, వారి తల్లిదండ్రుల చేతికి రావలెను. సంఘపెద్దల చేతికి కాదు. పాస్టరుకు చెప్పితే పాస్టరు నోరు మూసుకొని ఉండవలెను. ఇద్దరికిని ఆ అక్షరమున్నదని తెలిసి కూడ పెండ్లాడుదుమంటే, నాలుగింట ఒక వంతు సంగతి వారికి తేటగా చెప్పి, డాక్టరు దగ్గరకు పంపి, పెండ్లి చేయవలెను. వారిని శపింపకూడదు. తరువాత రోగముతో బిడ్డ పుట్టితే చెప్పలేదా అని అనకూడదు.

2023 జులై 1న షహడోలులో ప్రధానమంత్రి ఆరంభించిన జాతీయ కార్యక్రమము క్రింద నలువది ఏండ్లలోపు ఏడు కోట్ల మందిని పరీక్షింపవలెనని, 2047 నాటికి ఈ రోగము ప్రజలకు సమస్యగా ఉండకుండ చేయవలెనని ప్రభుత్వము పెట్టుకొన్నది. అందులో మన తెలంగాణ కూడ ఉన్నది. వ్రేలినుండి ఒక చుక్క తీసి మందునీటిలో కలిపితే, ఆ హీమోగ్లోబిను ఉన్నచో నీరు మసకబారును. ఒక ప్రతియో రెండు ప్రతులో రెండవ పరీక్షలో తేలును. ఫలితము వ్రాసి ఒక కార్డు ఇత్తురు. ప్రత్తి ఏరుటకు జనము పొలములలో ఉన్న నెలలలో శిబిరము పెట్టితే ఎవరును రారు. ఏరుట అయిపోయి, పెండ్లిండ్ల కాలము ఇంకను రాకమునుపు వారిని పిలిపించుకొనుట మేలు. మా వైపున రెండు మూడు సంఘములు గుడి వరండాలోనే బల్ల వేయించినవి. మొదటి ఊరిలో మగపిల్లలు చెయ్యి చాచుటకు వెనుకాడుచుండగా ఒక ముసలామె లేచి, నలువది దాటినవారికి అక్కరలేదని నర్సమ్మ చెప్పినను వినక, నా నెత్తురు ముందు చూడుమని వ్రేలు చూపినది.